చూసే ఊరు వేరు, దిగే ఊరు వేరు

యూరప్ వెళ్తున్నామని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని దేశాలు?" అని. ఎన్ని రోజులని అడిగేవాళ్లు తక్కువ. ఎక్కడ దిగుతున్నారని అడిగినవాళ్లు మాకైతే తగల్లేదు. మా కింది ఫ్లోరు దంపతులు పన్నెండు రోజుల్లో ఏడు దేశాలు చూసొచ్చారు. ఫొటోలు చూపిస్తూ, "ఇది బ్రస్సెల్సా, ఆమ్‌స్టర్‌డామా?" అని మా ముందే వాదించుకున్నారు. వాళ్లను తప్పు పట్టను. పన్నెండు రోజులే సెలవు దొరికితే టూర్ బస్సెక్కడమే దారి. నెల రోజులు చేతిలో ఉన్నవాళ్లు కూడా అదే పద్ధతిలో రెండు రోజులకో ఊరు మారుతూ పోవడమే నాకు మింగుడుపడదు. ఊరు మారిన ప్రతిసారీ ఒక పూట గల్లంతవుతుంది. ఈ ఊళ్లో పదింటికల్లా గది ఖాళీ చేయాలి. ఆ ఊళ్లో మూడయితేగానీ తాళం ఇవ్వరు. మధ్యలో పెట్టెలు ఈడ్చుకుంటూ స్టేషన్లో పడిగాపులు. పదిసార్లు మారితే ఐదు రోజులు అలాగే కరిగిపోతాయి. డబ్బు లెక్క సరే, అరవై దాటిన మోకాళ్ల లెక్క ఎవరు వేస్తారు?

అందుకని మా వారు రిటైరయ్యాక మేం వేసుకున్న పథకం వేరు. ఒక్కచోట ఇల్లు తీసుకుని, పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగి రావడం. మరీ దూరమైతే భుజానికో సంచి తగిలించుకుని ఒకటి రెండు రాత్రులు బయట పడుకుని రావడం. పెద్ద పెట్టెలు నెలంతా ఒకే మంచం కింద ఉంటాయి. ఇంతవరకు సులువే. ఆ మంచం ఏ ఊళ్లో వేసుకోవాలన్నదే అసలు చిక్కు.

ఆ చిక్కు ముందే విప్పుకోకపోతే వీసా దగ్గరే బండి ఆగిపోతుంది. షెంగెన్ వీసా ఒక్కటుంటే 29 దేశాలు తిరగొచ్చు. కానీ దరఖాస్తు ఏ దేశానికి పెట్టాలన్నది మన ఇష్టం కాదు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో పడుకుంటామో ఆ దేశానికే పెట్టాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. "ఫలానా దేశం వాళ్లు తొందరగా ఇస్తారట" అని అక్కడ వేసి, నెలంతా ఇంకో దేశంలో గడపాలనుకుంటే, దిగినచోట ఇమిగ్రేషన్ అధికారి ముందు నీళ్లు నమలాల్సి వస్తుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదిహేను రోజులకన్నా దగ్గర పడ్డాక పెట్టకూడదు. పెద్దవాళ్లకు ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. "ఎలాగూ అంత దూరం పోతున్నాం కదా, లండన్ కూడా" అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అది వేరే దేశం, వేరే వీసా, వేరే ఖర్చు. దాన్ని ఈ నెలలో ఇరికించొద్దనే చెబుతాను.

మా వారు రైల్వేలో సెక్షన్ కంట్రోలరుగా చేశారు. ముప్పై ఏళ్లకు పైగా బండ్లు ఎటు మళ్లించాలో చూసిన మనిషి. యాత్రకు ముందు ఇంట్లో భోజనాల బల్ల మీద యూరప్ పటం పరిచి, నాలుగు రంగుల పెన్నులతో కూర్చున్నారు.

పారిస్ మొదటే ఎగిరిపోయింది. పారిస్ చూడదగ్గ ఊరు కాదని ఎవరంటారు? కానీ దిగడానికి పనికిరాదన్నారు. స్ట్రాస్‌బర్గ్ వైపు బండి ఒక స్టేషన్ నుంచి, లియాన్ వైపుది ఇంకో స్టేషన్ నుంచి, బ్రస్సెల్స్ వైపుది మరో స్టేషన్ నుంచి. ఏ దిక్కుకు పోవాలన్నా ముందు మెట్రోలో ఊరు దాటాలి. పైగా ఆ ఊళ్లో వంటిల్లు ఉన్న ఇంటికి నెలకయ్యే అద్దెతో ఇంకో యాత్ర చేసి రావచ్చు. ఇంటర్‌లాకెన్ నా కోరిక. మన సినిమాలు, హిందీ సినిమాలు ఆ కొండల్లో పాడని పాట లేదు. యశ్ చోప్రాకు ఆ ఊళ్లో విగ్రహమే ఉంది. కానీ స్విట్జర్లాండులో నెల ఉండటమంటే ప్రతి కూరగాయల సంచీకీ ఫ్రాంకుల్లో ఊపిరి బిగబట్టడమే. చూడటానికి మూడు రోజులు చాలనుకున్నాం. వియన్నా మంచి మకామే. గంటలో బ్రాటిస్లావా, రెండున్నర గంటలు దాటాక బుడాపెస్ట్, రెండున్నర గంటల్లో సాల్జ్‌బర్గ్. సంగీతం, మ్యూజియంలు ప్రాణమైనవాళ్లు కళ్లు మూసుకుని అక్కడ దిగొచ్చు.

నా మనసు సగం ఇప్పటికీ స్ట్రాస్‌బర్గ్ మీదే ఉంది. 2017 నుంచి ఆ ఊరి ట్రాము రైన్ నది దాటి జర్మనీలోని కేల్ దాకా పోతోంది. ఫ్రాన్సులో ఉంటూ ట్రాములో జర్మనీకి సబ్బులు కొనుక్కోవడానికి వెళ్లేవాళ్లున్నారట. కోల్మార్ అరగంట, స్విట్జర్లాండులోని బాజెల్ గంటా పావు, పారిస్ గంటా ముప్పావు. మూడు దేశాల ముడి. పిల్లలతో వెళ్లేవాళ్లకు, జర్మనీలో చుట్టాలున్నవాళ్లకు నేను చెప్పే ఊరు అదే.

మా వారి ఎర్ర పెన్ను మాత్రం ఇటలీలో బొలోన్యా దగ్గర ఆగింది.

"అక్కడ చూడ్డానికి ఏముందండీ?" అన్నాను.

"పెద్దగా లేకపోతేనే మనకు మంచిది. బెజవాడలో చూడ్డానికేముంది? అయినా మనింటికి వచ్చినంతమంది చుట్టాలు ఇంకెవరింటికైనా వచ్చారా?"

అది నిజం. మా ఇంటి చుట్టాల్లో సగం మంది అమ్మవారి కోసం వచ్చినవాళ్లు కాదు, బండి మారడానికి వచ్చినవాళ్లు. కాజీపేట వైపు, గూడూరు వైపు, విశాఖ వైపు, గుంటూరు వైపు, గుడివాడ వైపు ఎటు పోవాలన్నా బెజవాడలో దిగాల్సిందే. బొలోన్యా ఇటలీకి అలాంటి జంక్షన్. వాయవ్యానికి మోదెనా, పార్మా, మిలాన్. ఉత్తరానికి వెరోనా, అక్కణ్నుంచి ఆల్ప్స్ దాటి మ్యూనిక్. ఈశాన్యానికి ఫెరారా, పాదువా, వెనిస్. తూర్పుకు రవెన్నా. ఆగ్నేయానికి సముద్రం ఒడ్డున రిమిని. దక్షిణానికి ఫ్లోరెన్స్, రోమ్. ఫ్లోరెన్స్ నలభై నిమిషాల లోపే, మిలాన్ గంటకు కాస్త పైన, వెనిస్ గంటన్నర, రోమ్ రెండుంబావు, రెండున్నర మధ్య. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఫ్లోరెన్స్‌లో మకాం పెట్టినా దాదాపు ఇవన్నీ అందుతాయి. కానీ ఫ్లోరెన్స్‌లో ఇంటి అద్దె ఫ్లోరెన్స్ చూడటానికి వచ్చినవాళ్ల జేబును బట్టి ఉంటుంది. బొలోన్యాలో అద్దెలు చవకని చెప్పను. వేలకు వేల మంది విద్యార్థులున్న ఊరది. అయినా అక్కడి అంగళ్లు, బస్సులు, హోటళ్లు ఊరివాళ్ల కోసం నడుస్తాయి. పప్పు కొనడానికి వెళ్తే పప్పే దొరుకుతుంది, అయస్కాంతపు బొమ్మలు కాదు.

మేం మే నెలలో దిగాం. విమానాశ్రయానికి రేడియో మార్కోనీ పేరు పెట్టుకున్నారు, ఆయన 1874లో పుట్టింది ఈ ఊళ్లోనే. అక్కణ్నుంచి ఏడెనిమిది నిమిషాల్లో మోనోరైలు తెచ్చి రైల్వే స్టేషన్ పక్కన దింపేసింది. ఇల్లు ఎక్కడో చూసుకునే లోపే మా వారు స్టేషన్ చూడాలన్నారు.

ఆ స్టేషన్ ఒకటి కాదు, మూడు. పైన పాత ప్లాట్‌ఫాంలు. వాటికి పడమటి చివర, తూర్పు చివర కొన్ని చిన్న ప్లాట్‌ఫాంలు. భూమి కింద 2013లో తెరిచిన హైస్పీడ్ స్టేషన్, అందులో 16 నుంచి 19 దాకా నంబర్లు. బోర్డు మీద 3 అని ఉంటే ఒకచోటికి పోవాలి, "3 ఒవెస్ట్" అంటే పడమటి చివరికి, అదో నడక. కింది స్టేషన్‌కు ఎస్కలేటర్ మీద ఎస్కలేటర్ దిగుతూనే ఉండాలి. బండికి ఐదు నిమిషాలుంది కదా అని వచ్చేవాళ్లకు ఇక్కడ బండి దొరకదు. పావుగంట ముందు రావాలి. మా వారికి మాత్రం అది స్వర్గం. నేను కాఫీ తాగుతుంటే ఆయన డిపార్చర్ బోర్డు ముందు నిలబడి, ఏ బండి ఎన్ని నిమిషాలు ఆలస్యమో పాత అలవాటు కొద్దీ లెక్కపెట్టేవారు.

స్టేషన్ బయటి గోడ మీద ఒక గడియారం ఎప్పుడూ 10:25 చూపిస్తుంది. 1980 ఆగస్టు 2, శనివారం పొద్దున సరిగ్గా ఆ నిమిషానికి సెకండ్ క్లాస్ వెయిటింగ్ రూములో నియో ఫాసిస్టులు పెట్టిన బాంబు పేలింది. 85 మంది పోయారు, రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. సెలవులకు సముద్రం వైపు పోతున్న కుటుంబాలవి. ఆ వెయిటింగ్ రూము ఇప్పటికీ వెయిటింగ్ రూమే. గోడలో పగులును అలాగే వదిలి అద్దం వేశారు. నేలమీద గుంటను అలాగే ఉంచారు. పక్కన పాలరాతి మీద పేర్లు, ఒక్కో పేరు పక్కన వయసు. మూడేళ్ల పాప పేరు కూడా ఉంది. దాని ముందు బెంచీల మీద జనం ఫోన్లు చూసుకుంటూ బండి కోసం కూర్చుంటారు. మేమూ కూర్చున్నాం. రోజూ వచ్చిపోయే స్టేషన్ కాబట్టి ఆ పేర్లలో కొన్ని మాకు గుర్తుండిపోయాయి.

ఇల్లు స్టేషన్ వెనక బొలోన్యీనా అనే పేటలో దొరికింది. పాత కార్మికుల పేట. ఇప్పుడు బంగ్లాదేశ్ వాళ్లు, చైనా వాళ్లు, విద్యార్థులు కలిసి ఉంటున్నారు. పట్టాలు దాటితే పది నిమిషాల్లో పాత ఊరు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకే మాకు అందే అద్దెకు వచ్చింది. ఇంటావిడ రాగానే మా పాస్‌పోర్టులు అడిగి ఫొటో తీసుకుంది. అనుమానపడాల్సిన పనిలేదు. ఇంట్లో దిగినవాళ్ల వివరాలు 24 గంటల్లో పోలీసులకు పంపాలన్నది అక్కడి చట్టం. 2025 జనవరి నుంచి ఇలా అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ జాతీయ గుర్తింపు నంబరు ఉండాలి, ప్రకటనలోనూ గుమ్మం దగ్గరా అది కనిపించాలి. ఆ నంబరు లేని ఇంటికి అడ్వాన్సు పంపకండి. ఇంకో కిటుకు. ముప్పై రోజులు దాటని అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయక్కర్లేదు. అందుకే "నెల" అంటే ఇంటివాళ్లు ముప్పై లోపే మాట్లాడతారు. ముప్పై రెండో రోజు అడిగితే మొహం మారుతుంది.

వంటింటి సంగతి కాస్త వివరంగానే చెప్పాలి. మకాం పెట్టడంలో సగం సుఖం అక్కడే ఉంది. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలెయ్యాలి. పచ్చళ్లకు, పొడులకు అడ్డులేదు. పచ్చి కరివేపాకుకు అనుమతి పత్రం కావాలి కాబట్టి ఎండబెట్టి పొడి చేసుకోవడం నయం. గోంగూర పచ్చడి, కందిపొడి, చింతపండు, ఇంగువ, ఒక చిన్న కుక్కరు తీసుకెళ్లాం. మిగతావి అక్కడే దొరికాయి. మా సందు చివర బంగ్లాదేశ్ అబ్బాయి కొట్టులో కందిపప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీర, బెండకాయలు ఉండేవి. "దీదీ, ఆజ్ భిండీ తాజా హై" అని నేను గుమ్మంలో ఉండగానే కేకేసేవాడు. శనగపిండి కోసం అంత దూరం కూడా పోనక్కర్లేదు. ఇటలీవాళ్లు దానితో అట్లు పోసుకుంటారు, ఏ సూపర్‌మార్కెట్లోనైనా పొట్లాలుంటాయి. వర్షం పడిన ఒక సాయంత్రం లావు మిరపకాయలతో బజ్జీలు వేశాను. పై అంతస్తు ముసలాయన వాసనకు తలుపు తట్టి, చేతిలో పళ్లెం పట్టుకుని పోయాడు.

సూపర్‌మార్కెట్లో కూరగాయలు ఉత్త చేతులతో ముట్టుకోకూడదు. పక్కన పల్చటి ప్లాస్టిక్ తొడుగులుంటాయి. ఒకటి తొడుక్కుని ఏరుకోవాలి. ఆ బుట్ట మీద రాసిన నంబరు గుర్తుపెట్టుకుని త్రాసు మీద అదే నొక్కితే చీటీ వస్తుంది, సంచికి అంటించుకోవాలి. ఊరి మధ్య ఉన్న కూరగాయల మార్కెట్లో అయితే తొడుగుతో కూడా ముట్టుకోనివ్వరు. ఎన్ని కావాలో, ఇవాళ వండుతావో రేపు వండుతావో అడిగి అమ్మే ఆవిడే ఏరి ఇస్తుంది. టమాటా నొక్కి చూడబోయిన మా వారిని ఒకావిడ చూపుతోనే ఆపేసింది. రెండో వారానికి ఆవిడే ఆయనకు పళ్లు మంచివి తీసిపెట్టేది.

శాకాహారులకు ఒక హెచ్చరిక. ఈ ప్రాంతం తిండికి పేరుపడ్డదే, కానీ ఆ పేరంతా మాంసానిది. మోర్తదెల్లా అంటే పంది మాంసం, తాల్యతెల్లె మీద వేసే రగూ మాంసం, చిన్న తొర్తెల్లీనీ లోపల కూరేది మాంసం. వేయించిన రొట్టెముక్కలు చూసి పూరీలనుకుంటాం. వాటిని పాతకాలం పద్ధతిలో పందికొవ్వులోనే వేయిస్తారు. పార్మా జున్ను మీద ఇక్కడివాళ్లకు ప్రాణం. పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన ద్రవ్యం వాడతారని తెలిశాక మా వారు దాన్నీ పక్కన పెట్టారు. బయట తిన్న రోజుల్లో ఆయనకు మిగిలింది జున్ను వద్దని చెప్పి చేయించుకున్న టమాటా పాస్తా, కాల్చిన కూరగాయలు. సొంత వంటిల్లు లేకపోతే నెల రోజులు ఆయనకు ఉపవాసమే. నాకు ఆ బాధ లేదు, అన్నీ రుచి చూశాను.

ఇక తిరుగుడు. మెల్లగా పోయే రీజినల్ బండ్లకు టికెట్ ఎప్పుడు కొన్నా ఒకే ధర, సీటు నంబరు ఉండదు. కాగితం టికెట్టయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీద మిషన్లో ముద్ర కొట్టించాలి. ఫోన్లో కొన్నదైతే చెక్-ఇన్ నొక్కాలి. ఈ ఒక్క పని మరిచి జరిమానా కట్టే పర్యాటకులను ప్రతి బండిలోనూ చూస్తాం. హైస్పీడ్ బండ్లు వేరు. వాటిని ప్రభుత్వ కంపెనీ, ప్రైవేటు ఇతాలో రెండూ పోటీపడి నడుపుతాయి. ధర విమానం టికెట్టులా రోజురోజుకూ పెరుగుతుంది. రోమ్, మిలాన్ లాంటివి ముందే కొనుక్కుని, రవెన్నా, ఫెరారా లాంటివి పొద్దున లేచాక ఆకాశం చూసి నిర్ణయించుకునేవాళ్లం. యూరెయిల్ పాస్ మా లెక్కకు గిట్టలేదు. రోజూ పొడవాటి ప్రయాణాలు చేసేవాళ్లకే అది లాభం, హైస్పీడ్ బండికి రిజర్వేషన్ సొమ్ము మళ్లీ వేరే కట్టాలి.

సమ్మెల గురించి మాకు చెప్పింది నరసరావుపేట అబ్బాయి. బొలోన్యా విశ్వవిద్యాలయం 1088లో పుట్టిందని చెబుతారు, యూరప్‌లో అంతకన్నా పాతది లేదు. ఆ ప్రాంతీయ ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పు మీద మన పిల్లలు కూడా చదువుతున్నారు. వాళ్లలో ఒకడైన ఈ అబ్బాయి బస్టాపులో నా తెలుగు విని పలకరించాడు. "ఆంటీ, శుక్రవారం రైళ్ల సమ్మె ఉందట. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మాత్రం లోకల్ బండ్లు నడపాలి, అది రూలు. వెళ్తే ఆ టైముకే వెళ్లిరండి" అన్నాడు. సమ్మె సంగతి ముందే ప్రకటిస్తారు. మకాం ఉన్నవాళ్లకు అదో సెలవు రోజు. ఊరూరా తిరిగేవాళ్లకు మాత్రం ఆ రోజు హోటల్ బుకింగు, బండి టికెట్టు రెండూ మునుగుతాయి. ఆ అబ్బాయి ఆదివారం మా ఇంటికొచ్చి పప్పన్నం తిన్నాడు. సెప్టెంబరులో గది వెతుక్కోవడానికి తలప్రాణం తోకకొచ్చిందని చెప్పాడు. కాబట్టి కాలేజీలు తెరిచే ఆ నెలలో మీరూ ఇల్లు వెతక్కండి.

రవెన్నా వెళ్లే బండి గంటన్నర లోపు పొలాల మధ్య, పీచ్ తోటల మధ్య పోతుంది. గాల్లా ప్లాచీదియా సమాధి మందిరం బయటినుంచి చూస్తే పాత ఇటుకల కొట్టాం. లోపలికి వంగి పోవాలి. కిటికీలకు అద్దాలు లేవు, పల్చగా కోసిన ఆలబాస్టర్ రాయి పలకలున్నాయి. వాటిలోంచి వచ్చేది తేనెరంగు వెలుతురు. కాసేపటికి కళ్లు అలవాటుపడ్డాక పైకప్పు కనిపిస్తుంది. ముదురు నీలం నిండా బంగారు చుక్కలు, ఐదో శతాబ్దపు గాజు ముక్కలు. రద్దీ కాలంలో ఐదు నిమిషాలకన్నా ఎక్కువ ఉండనివ్వరు. కళ్లు అలవాటు పడటానికే అందులో సగం పోతుంది. మేం ఇంకో రోజు మధ్యాహ్నం భోజనం చేసి మళ్లీ వెళ్లొచ్చాం. ఆ ఊళ్లోనే దాంతే సమాధి ఉంది. ఫ్లోరెన్స్ ఆయన్ను వెళ్లగొట్టింది, 1321లో ఆయన రవెన్నాలో పోయాడు. ఆ సమాధి దగ్గర దీపానికి ఏటా నూనె పంపుతున్నది ఇప్పుడు ఫ్లోరెన్సే.

ఫ్లోరెన్స్ గురించి అందరూ రాశారు, నేను రాయను. ఒక్క మాట. హైస్పీడ్ బండిలో పోతే దారంతా సొరంగమే, చీకటి తప్ప ఏమీ కనిపించదు. ఎప్పుడైనా తీరిగ్గా ఉంటే పాత దారిన పోయే బండెక్కండి, అపెన్నైన్ కొండలు కాస్త కనిపిస్తాయి.

బొలోన్యాలో చూడటానికేముందన్న నా ప్రశ్నకు జవాబు మెల్లగా దొరికింది. ఆ ఊరి వీధుల వెంట వసారాలు. కొలిస్తే మొత్తం 62 కిలోమీటర్లు. విద్యార్థులు, వలస వచ్చినవాళ్లు పెరిగేకొద్దీ జనం పై గదులను వీధి మీదికి పెంచుకుని కింద స్తంభాలు నిలబెట్టారు. గుర్రం మీద మనిషి తల తగలకుండా పోయేంత ఎత్తు ఉండాలని 1288లో శాసనమే చేశారు. వసారా ఇంటివాడిది, నడిచే హక్కు ఊరందరిదీ. 2021లో యునెస్కో వీటిని వారసత్వ జాబితాలో చేర్చింది. వాన వచ్చినా గొడుగు తీయకుండా ఊరు దాటేయొచ్చు. రెండు ఎత్తైన గోపురాల్లో ఒరిగిన గరిసెందా ఇంకా ఒరుగుతోందని 2023 అక్టోబరు నుంచి మూసేసి చుట్టూ కంచె వేశారు. కొత్త ట్రాము కోసం రోడ్లు తవ్వి పెట్టారు. అవన్నీ కలిపితేనే ఊరు.

పెద్ద చౌకులో శాన్ పెత్రోనియో చర్చి నేల మీద ఇత్తడి గీత ఒకటి వాలుగా పోతుంది. 1655లో ఖగోళ శాస్త్రవేత్త కస్సీని గీయించింది, పొడవు 67 మీటర్ల దాకా ఉంటుంది. 27 మీటర్ల ఎత్తున పైకప్పులో చిన్న చిల్లు. అసలు మధ్యాహ్న సమయానికి ఆ చిల్లులోంచి పడిన ఎండ బిళ్ల ఆ గీతను దాటాలి. వేసవి గడియారం వల్ల మే నెలలో అది ఒంటిగంట దాటాక పది నిమిషాలకు జరుగుతుంది. మొదటిసారి మబ్బు పట్టింది. ఒక పూట కోసం వచ్చినవాళ్లకు అంతటితో అయిపోయేది. మాకు రేపూ ఉంది, ఎల్లుండీ ఉంది. మళ్లీ వెళ్లిన రోజు కోడిగుడ్డు ఆకారంలో ఒక వెలుగు మచ్చ నేలమీద నెమ్మదిగా పాకుతూ వచ్చింది. కదులుతున్నట్టు కంటికి తెలుస్తుంది, అదే ఆశ్చర్యం. పక్కనే రాశుల గుర్తులు చెక్కి ఉన్నాయి, ఏ నెలలో ఎక్కడ దాటుతుందో చెప్పడానికి. చుట్టూ ఉన్న గుంపు ఫొటోలు తీసుకుంటుంటే మా వారు వాచీ చూసి, "రైట్ టైం" అన్నారు.

మేలోనే శాన్ లూకా కొండ మీది మేరీమాత పటాన్ని ఊళ్లోకి తెస్తారు. 1433లో ఆగని వానలకు పంటలు పోతుంటే పటాన్ని దించారని, వాన ఆగిందని నమ్మకం. కొండ దాకా దాదాపు నాలుగు కిలోమీటర్ల వసారా, 666 కమానులు. ఊరేగింపు రోజు మా కూరగాయలావిడ కొట్టు మూసి, ఇస్త్రీ గౌను వేసుకుని ముందు వరసలో నిలబడింది.

వెనిస్ సంగతి వేరే చెప్పాలి. 2024 ఏప్రిల్ 25 నుంచి, పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల దగ్గర కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి ఏడాది, ఆఖరి నిమిషంలో కట్టేవాళ్లకు 10 చేశారు. ఊళ్లో రాత్రి పడుకునేవాళ్లకు అది లేదు. రుసుము కోసం కాకపోయినా వెనిస్‌లో ఒక రాత్రి ఉండి తీరాలి. సాయంత్రం బండ్లలో గుంపులన్నీ పోయాక ఆ సందులు ఊరివాళ్లవవుతాయి. బొలోన్యాలో అద్దె నడుస్తుండగా వెనిస్‌లో గదికి మళ్లీ కట్టడం దండగ అని నేను నసిగాను. "పెట్టెలు మోయని ఖర్చు అనుకో" అన్నారు మా వారు. రోముకు కూడా అలాగే సంచితో పోయాం.

అన్నిటికన్నా నాకు గుర్తుండేది ఏ గైడు పుస్తకమూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న ఊరు. రెజ్జో ఎమీలియాలో దిగి చిన్న బండి మారితే నొవెల్లారా వస్తుంది. అక్కడ 2000లో కట్టిన పెద్ద గురుద్వారా ఉంది. పార్మా జున్ను చేసే ఈ మైదానంలో ఆవులకు రోజూ రెండు పూటలా పాలు పితకాలి. ఆదివారం లేదు, పండగ లేదు. ఇక్కడి కుర్రాళ్లు ఆ పని వదిలేస్తుంటే పంజాబ్ నుంచి వచ్చిన సిక్కులు అందుకున్నారు. నలభై కిలోల జున్ను చక్రం ఒక్కటి చేయడానికి 550 లీటర్ల పాలు పోయాలి. ఆ పాలలో ఎన్ని పంజాబీ చేతుల మీదుగా వచ్చాయో! లంగర్లో నేలమీద కూర్చుని రొట్టె, పప్పు, ఖీరు తిన్నాం. వడ్డించిన పెద్దాయన పాతికేళ్లుగా పశువుల కొట్టంలో పనిచేస్తున్నాడు. "ఎక్కడి నుంచి?" అని హిందీలో అడిగాడు. విజయవాడ అన్నాను. "అచ్ఛా, జంక్షన్ హై నా! ఫౌజ్‌లో ఉండగా రాత్రి అక్కడ చాయ్ తాగాను" అన్నాడు. మా వారి మొహం చూడాలి!

బొలోన్యా అందరికీ సరిపోతుందని అనను. జూలై, ఆగస్టుల్లో ఆ మైదానం ఉడికిపోతుంది, దోమలు మనకేం తీసిపోవు. అక్కడి ఆగస్టు 15 పండగ చుట్టూ ఊరివాళ్లు సముద్రానికి పోతారు, కొట్లు మూతపడతాయి. చలికాలం పొగమంచు. పిల్లల పుస్తకాల సంత, సౌందర్య సాధనాల సంత లాంటి పెద్ద ప్రదర్శనలు జరిగే వారాల్లో గదుల ధరలు రెట్టింపవుతాయి, ఇల్లు తీసుకునే ముందు ఆ తేదీలు చూసుకోవాలి. మంచుకొండలు చూడాలని పోయేవాళ్లకు ఇది దూరం. కిటికీ తెరిస్తే ఈఫిల్ టవర్ కనిపించాలనుకునేవాళ్లకు మా ఇంటి కిటికీ నచ్చదు, దానికి ఎదురుగా ఒక సైకిల్ రిపేరు షాపుండేది. స్పెయిన్, పోర్చుగల్, స్వీడన్, నార్వే కూడా ఇందులోనే చూసేద్దామంటే ఏ మకామూ పనికిరాదు. వాటికి వేరే ఏడాది పెట్టుకోవడమే నయం.

మీరు వెళ్లదలిస్తే మే, లేదా అక్టోబరు. ముందు చూడాలనుకున్న ఊళ్లు ఆరు రాసుకోండి. తర్వాత హోటళ్లు కాదు, రైళ్ల టైంటేబుల్ తెరిచి ఆ ఆరింటికీ మారకుండా బండి ఉన్న ఊరేదో చూడండి. ఆ స్టేషన్‌కు నడిచి చేరేంత దూరంలో వంటిల్లున్న ఇల్లు, వీలైతే లిఫ్టున్న ఇల్లు తీసుకోండి. మే నెలకయితే జనవరిలోనే వీసా అపాయింట్‌మెంటు పట్టుకోండి. మార్చి వచ్చేసరికి హైదరాబాదులో స్లాట్లు దొరకవు.